మండే చెత్త

పోయినవారం చింతకాయ తొక్కు గురించి రాస్తూ మాటవరసకి ‘మేం టోక్యోలో ఉన్న రోజుల్లో’ అన్నాను. అంతే, తొక్కు సంగతి వదిలేసి అందరూ టోక్యో సంగతి పట్టుకున్నారు. “భాష రాకుండా ఎలా నెట్టుకొచ్చారండీ? అక్కడ ఏం వండుకున్నారు? భయం వేయలేదా?” అని ఒకటే ప్రశ్నలు. సరే, ఈవారానికి వంట కాస్త పక్కన పెట్టి ఆ కబుర్లే చెప్పుకుందాం. ముందే చెబుతున్నా, అన్నీ నేను నవ్వులపాలైన కబుర్లే!

మేం 2015 జూన్‌లో వెళ్ళాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బాబుకి అప్పుడు ఏడేళ్ళు. నేనా, ఇంటర్ పాసై, రాజమండ్రి దాటితే హైదరాబాదు తప్ప ఎరగనిదాన్ని. టోక్యోలో మనదేశం వాళ్ళు ఎక్కువగా ఉండే పేట ఒకటుంది, నిషి కసాయ్ అని. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తారీకులు తారుమారైపోతాయని అప్పట్లో పెద్ద గొడవ జరిగింది, గుర్తుందా? ఆ పని మీద వచ్చిన మన ఇంజనీర్లు చాలామంది అక్కడే కాపురాలు పెట్టారట. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు అన్నీ అక్కడి కొట్లలో దొరుకుతాయి. నిషి అంటే పడమర. మరి కసాయి ఏమిటంటారా? అది ఊరి పేరు, అంతే! మా అత్తయ్యగారయితే ఆ పేరు విని “కసాయి అని ఊరికెవరైనా పేరు పెట్టుకుంటారుటే?” అని బుగ్గలు నొక్కుకున్నారు.

మాకు మాత్రం ఆ కసాయిలో ఇల్లు కుదరలేదు. రైల్లో అరగంట దూరాన ఒక చిన్న సందులో దొరికింది. ఆ సందు మొత్తానికి పరాయిదేశం వాళ్ళం మేమే. పొద్దున్న ఎనిమిదింటికల్లా తండ్రీకొడుకులిద్దరూ వెళ్ళిపోతే నేనూ, గోడలూ. ఫోన్‌లో అమ్మతో మాట్లాడదామంటే మూడున్నర గంటల తేడా. నాకు పొద్దున్న ఎనిమిదంటే మనకి తెల్లవారుజామున నాలుగున్నర! బయటికి వెళితే చీరకట్టుకేసి అందరూ చూస్తారు. వెక్కిరింతగా కాదులెండి, మర్యాదగానే. నేను చూడగానే చూపు తిప్పేసుకుంటారు. ఆ మర్యాదే నాకు ముల్లులా గుచ్చుకునేది. రెండు నెలలపాటు ఇంట్లోవాళ్ళతో తప్ప మరో మనిషితో మాట్లాడి ఎరగను. “నన్ను పంపించెయ్యండి బాబూ” అని మావారితో రోజూ గొడవే.

అలాంటి రోజుల్లో జరిగింది చెత్త కథ.

అక్కడ చెత్త పారేయడం మనం అనుకున్నంత తేలిక కాదు. కూరగాయ తొక్కలు, కాగితం ముక్కల్లాంటి కాలిపోయే చెత్త వారానికి రెండుసార్లు తీసుకెళతారు. గాజుపెంకులు, పాత గిన్నెల్లాంటి కాలనిది నెలకి రెండుసార్లే. సీసాలు, డబ్బాలు మరోరోజు. ఏ రోజు దాన్ని ఆ రోజు పొద్దున్నే, సందులో చెప్పిన చోట పెట్టి, కాకులు పీకకుండా పైన వల కప్పాలి. టోక్యో కాకులు మన కాకులకన్నా భారీగా ఉంటాయండోయ్!

ఒక ఆదివారం రాత్రి మావారు ఆవలిస్తూ నాకు పాఠం చెప్పారు. “ఇదిగో, ఈ ఎర్రబుట్టలోది మండే చెత్త. ఆ నీలంబుట్టలోది మండని చెత్త. రెండూ కలపకు” అని అటు తిరిగి పడుకున్నారు.

మీరే చెప్పండి, ఇందులో నా తప్పేముంది? మండే చెత్త అంటే మండే రోజు పెట్టేది అనుకున్నాను. మండని చెత్త అంటే మండే నాడు పెట్టకూడనిది! మర్నాడు సోమవారం కదా, తెల్లవారగానే ఎర్రబుట్ట సంచీలో ముడివేసి తీసుకెళ్ళి పెట్టి వచ్చాను. అప్పటికి అక్కడ మరొక్క సంచీ లేదు. ‘సందంతటికీ నేనే ముందు లేచాను’ అని కాస్త గర్వపడ్డాను కూడా. మధ్యాహ్నం చూద్దును కదా, నా సంచీ అక్కడే ఉంది. దానిమీద అందమైన అక్షరాలతో పెద్ద చీటీ అంటించి ఉంది. మన సామాన్ల మీద ఐఎస్ఐ మార్కు ఉంటుందే, అలాంటిదేదో అనుకున్నాను. సాయంత్రం మావారు రాగానే “ఏవండీ, మన చెత్తకి మునిసిపాలిటీవాళ్ళు సర్టిఫికెట్ ఇచ్చారు!” అన్నాను సంబరంగా. ఆయన వెళ్ళి చూసొచ్చి తలపట్టుకున్నారు. ‘ఇది ఈరోజు తీసుకెళ్ళే చెత్త కాదు’ అని దాని అర్థమట. మా సందులో మండే చెత్తకి మంగళవారం, శుక్రవారమట!

అక్కడితో అయిపోతే బాగుండును. ‘ఎలాగూ మంగళవారమేగా, ఉండనీ’ అని ఆయన సంచీని అక్కడే వదిలేశారు. పొద్దున్నే లేచి కిటికీలోంచి చూస్తే ఏముంది, కాకులు వల కింద దూరి సంచీ చింపేశాయి. పసుపు అంటిన అన్నం, ఎండిన కరివేపాకు, చింతపండు పిప్పి సందంతా పరుచుకుని ఉన్నాయి. అది ఎవరింటి చెత్తో చెప్పడానికి పోలీసులక్కర్లేదు కదా! ఎదురింటావిడ, అరవై దాటిన మనిషి, వంగి ఒక్కొక్క మెతుకూ చీపురుతో ఎత్తుతోంది. నేను వెళ్ళి చీపురు అందుకోవాలా? ఆ బుద్ధి పుట్టిందా? లేదు. పరదా వెనక నిలబడి, సిగ్గుతో చచ్చిపోతూ చూస్తూ ఉండిపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే నాకు తలవంపులే.

గంటలో మా తలుపు గంట మోగింది. ఆవిడే! తిట్టడానికే వచ్చిందనుకున్నాను. చేతిలో ఒక కేలెండరు. మంగళ, శుక్రవారాల గళ్ళలో చేపముల్లు, అరటితొక్క బొమ్మలు గీసి ఉన్నాయి. ఒకదాంట్లో సీసా, ఒకదాంట్లో పగిలిన కప్పు. సోమవారం గళ్ళలో ఒక కాకి బొమ్మ వేసి అడ్డంగా గీత కొట్టింది! నాకు అప్పటికి వచ్చిన జపాను మాటలు రెండే. ‘అరిగతో’ అంటే థాంక్స్. ‘ఒయిషీ’ అంటే రుచిగా ఉంది. కంగారులో ఒకటి అనబోయి ఒకటి అన్నాను. చెత్త కేలెండరు చూసి “ఒయిషీ! ఒయిషీ!” అని వంగి వంగి దణ్ణాలు పెట్టాను.

ఆవిడ ఒక క్షణం నాకేసి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే నేనూ నవ్వాను. నవ్వీ నవ్వీ ఇద్దరికీ కళ్ళనీళ్ళు వచ్చాయి. నావి ఒట్టి నవ్వు నీళ్ళే కావులెండి, రెండు నెలల నీళ్ళు.

ఆ తర్వాత మా ఇద్దరికీ గిన్నెల రాకపోకలు మొదలయ్యాయి. ఆవిడ ముల్లంగి ఇచ్చింది. అక్కడి ముల్లంగి మోచేయంత ఉంటుంది. సాంబారు పెట్టి గిన్నెలో పోసి ఇచ్చాను. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదని మనలో ఉన్నట్టే వాళ్ళలోనూ ఉందని అప్పుడే తెలిసింది. అన్నట్టు, పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్ళు ఒక చిట్కా రాసుకోండి. జపాను బియ్యంతో పులిహోర చేస్తే ముద్దకట్టేస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు కడిగి, గ్లాసుకి గ్లాసే నీళ్ళు పోసి వండాలి. దించగానే వెడల్పాటి పళ్ళెంలో పరిచి పసుపు, నూనె కలిపి ఆరబెట్టాలి. పూర్తిగా చల్లారాకే పులుపు కలపాలి. అప్పటికీ మన పులిహోరలా పొడిపొడిగా రాదు గానీ, పరువు దక్కుతుంది.

ఇక మా అత్తయ్యగారి ముచ్చట. 2019 మార్చిలో వచ్చారు ఆవిడ. వచ్చిన వారానికే “ఇక్కడ పలకరించే దిక్కులేదు, నన్ను పంపించెయ్యండ్రా” అని మొదలుపెట్టారు. నా పాత పాటే! ఏప్రిల్ మొదటివారంలో అక్కడ సకురా పూలు రాలుతూ ఉంటాయి. చూపిద్దామని సందు చివరి పార్కుకి తీసుకెళ్ళాను. చీర, దానిమీద స్వెట్టరు, కాళ్ళకి నా బూట్లు వేసుకుని అత్తయ్యగారు ఠీవిగా నడుస్తున్నారు. నేల కనపడకుండా తెల్లటి రేకులు. ఇంతలో చెవి తడుముకుని “అమ్మాయ్, నా దిద్దేదే?” అన్నారు.

పెళ్ళికి వాళ్ళ నాన్నగారు చేయించిన ఏడురాళ్ళ దిద్దు అది. తెల్లరాళ్ళు, తెల్లరేకులు. ఎక్కడని వెతుకుతాం? అరగంట వెతికాం. అత్తయ్యగారు బెంచీమీద కూలబడి కళ్ళొత్తుకుంటున్నారు. అప్పుడే మా ఎదురింటావిడ, తొంభై దాటిన వాళ్ళ నాన్నగారిని చక్రాల కుర్చీలో తోసుకుంటూ అటు వచ్చింది. నేను చెవి చూపించి, నేల చూపించానో లేదో, కుర్చీ పక్కన ఆపి, మోకాళ్ళమీద కూర్చుని దోసిళ్ళతో రేకులు ఎత్తి చూడటం మొదలుపెట్టింది. కాసేపటికి ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తి అరిచింది.

“అత్తా! అత్తా!”

మా అత్తయ్యగారు గబుక్కున లేచి “ఆఁ, ఇక్కడే ఉన్నానమ్మా!” అన్నారు.

జపాను భాషలో ‘అత్తా’ అంటే ‘ఉంది, దొరికింది’ అని! ఏదైనా పోయింది దొరికితే వాళ్ళు అలాగే అంటారు. కానీ ఆ క్షణంలో అది ఎవరికి కావాలండీ? దిద్దు పట్టుకుని ఆవిడ, “విన్నావుటే, నన్ను అత్తా అని పిలిచింది!” అని ఈవిడ. రాళ్ళేమైనా ఊడాయేమోనని ఎదురింటావిడ ఒక్కొక్కటే వేలుపెట్టి లెక్కపెట్టింది. చివరి రాయి దగ్గరికి వచ్చి, అన్నీ ఉన్నాయన్నట్టు తల ఊపి “నానా!” అంది. వాళ్ళ భాషలో ఏడుని ‘నానా’ అంటారు.

“అవునమ్మా, మా నాన్నే! మా నాన్న చేయించినవే! నీకెలా తెలిసింది తల్లీ?” అని అత్తయ్యగారు ఆవిడ రెండు చేతులూ పట్టేసుకున్నారు.

నేను కల్పించుకుని అర్థం చెబుదామనుకునేలోగా మూడోది కూడా జరిగిపోయింది. ఎదురింటావిడ మర్యాదగా వంగి, కుర్చీలో ఉన్న పెద్దాయన్ని చూపించి “చిచి” అంది. తమ తండ్రి గురించి పైవాళ్ళకి చెప్పేటప్పుడు వాళ్ళు వాడే మాట అది. మా అత్తయ్యగారి మొహం చూడాలి! “కన్నతండ్రిని పట్టుకుని ఛీ ఛీ అంటుందేమిటే? తప్పమ్మా, పెద్దాయన” అని ఆవిడకి మెత్తగా తెలుగులో బుద్ధి చెప్పి, పెద్దాయనకి దణ్ణం పెట్టారు. ఆయన కూడా సంతోషంగా తల వంచారు.

ఆ రోజునుంచి ఇక “పంపించెయ్యండ్రా” అన్న మాట మళ్ళీ రాలేదు. పొద్దున్నే పదింటికి ఇద్దరూ పార్కు బెంచీమీద తయారు. ఈవిడ తెలుగు, ఆవిడ జపాను. గంటసేపు చెప్పుకునేవాళ్ళు. వాళ్ళు ఉప్పులో ఊరవేసే ‘ఉమెబోషి’ అనే పుల్లటి పండు తిని అత్తయ్యగారు “ఇది మన ఊరగాయకి చెల్లెలే” అని తేల్చారు. బదులుగా ఈవిడ ఇచ్చిన ఆవకాయ ముక్కని ఆవిడ ఉమెబోషిలాగే మొత్తం నోట్లో వేసుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా ఉమ్మకుండా “ఒయిషీ” అంది. అదండీ మర్యాదంటే! అన్నట్టు, ‘అత్తా’కీ ‘నానా’కీ అసలు అర్థాలు అత్తయ్యగారికి నేను ఇప్పటిదాకా చెప్పలేదు. ఈవారం పత్రిక ఆవిడ కంటపడితే నా పని అయినట్టే.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. మన ఆర్ఆర్ఆర్ సినిమా జపానులో 2022 అక్టోబరులో విడుదలైంది. ఎక్కడ చూసినా దాని ముచ్చటే. ఆ చలికాలంలో ఒకరోజు బాబూ నేనూ రైల్లో నిషి కసాయ్ వెళుతున్నాం. అక్కడి రైళ్ళలో గుండుసూది పడితే వినబడుతుంది. ఎదురుగా కూర్చున్న నడివయసు జపాను ఆవిడ మా మాటలు చెవిన వేసుకుంటోంది. కాసేపయ్యాక కొంచెం ముందుకి వంగి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ, “మీరు... తెలుగు వారా?” అంది.

నా ప్రాణం లేచొచ్చింది. సినిమాలు చూసి, పుస్తకాలు కొనుక్కుని తనంతట తనే నేర్చుకుంటోందట. సంచీలోంచి నోటుపుస్తకం తీసి తన పేరు తెలుగులో రాసి చూపించింది. గుండ్రటి, చక్కటి అక్షరాలు. తర్వాత చాలా గంభీరంగా అడిగింది, “నాటు అంటే ఏమిటి?”

ఏం చెప్పను? నలభై ఏళ్ళుగా తెలుగే మాట్లాడుతున్నాను గానీ ఆ మాటకి అర్థం చెప్పమంటే నోరు పెగల్లేదు. ‘పల్లెటూరిది’ అన్నాను, చాల్లేదు. ‘మోటు’ అన్నాను, ఇంకా చిక్కు పడింది. చివరికి మనకి తెలిసింది వంటే కదా! నాటుకోడి గుర్తొచ్చింది. రెండు మోచేతులూ రెక్కల్లా ఆడించి, గొంతు తగ్గించి “కొక్కొరోకో” అన్నాను. ఆవిడ కళ్ళు మెరిశాయి. “కొకెకొక్కో!” అంది. వాళ్ళ కోడి అలాగే కూస్తుందట! నాటుకోడి అన్నాను, ఊళ్ళో తిరిగే కోడి, ఫారం కోడి కాదు అన్నాను. ఆవిడ ఒక్కసారిగా “జిదోరి!” అని గట్టిగా అరిచేసి నోరు మూసుకుంది. ఊరి కోడికి వాళ్ళ మాట అది. పెట్టె మొత్తం మావైపు చూసింది. మా వాడు తల కిందకి దించేసుకున్నాడు.

వాడు తల దించుకుంది నా కోడికూతకే అనుకున్నాను. ఇంటికి వచ్చాక మెల్లిగా అన్నాడు, “అమ్మా, ఆవిడ తన పేరు తెలుగులో రాసింది. నాకు నా పేరు రాయడం రాదు.” పద్నాలుగేళ్ళ కొడుకు. ఆ తప్పు వాడిదా, నాదా? ఆ రాత్రే పాత కేలెండరు వెనక అ ఆలు మొదలుపెట్టాం.

2023 వేసవిలో మేం తిరిగి వచ్చేశాం. ఇప్పుడు రాజమండ్రిలో అపార్ట్‌మెంట్. మొన్నామధ్య కింద గొడవ. వాచ్‌మన్ భార్య, ఒడిశా అమ్మాయి, వచ్చి నెల కూడా కాలేదు. తడి చెత్త, పొడి చెత్త కలిపేస్తోందని ఒకావిడ కేకలేస్తోంది. “ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు, ఎక్కడినుంచి వస్తారో!” అని. ఆ పిల్ల తల వంచుకుని నిలబడింది. వెళ్ళి బుట్టలో చూశాను. పొడి చెత్త బుట్టలో వాడేసిన టీపొడి, పురుగుపట్టిన పిండి, మాడిన కారప్పొడి ఉన్నాయి. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నవ్వాగలేదు. పాపం, ఆ పిల్లకి మన వంటింట్లో తెలిసిన పొడి అదే! కారప్పొడి, టీపొడి, పసుప్పొడి. పొడులన్నీ శ్రద్ధగా ఏరి పొడి చెత్తలో వేసింది.

మండే చెత్తకి మండే పూట సంచీ పెట్టినదాన్ని, నాకు తెలియదా ఆ పిల్ల బాధ! నిజం చెప్పొద్దూ, జపాను వెళ్ళకముందయితే నేనూ ఆ కేకలేసేవాళ్ళలోనే ఉండేదాన్ని. వాచ్‌మన్ల వచ్చీరాని తెలుగు చెప్పుకుని నవ్విన రోజులు నాకూ ఉన్నాయి.

పైకి వెళ్ళి ఒక అట్టముక్క తెచ్చాను. ఒకవైపు అరటితొక్క, టీపొడి, అన్నం మెతుకులు. ఇంకోవైపు కాగితం, ప్లాస్టిక్ డబ్బా, అట్టపెట్టె. నాకు బొమ్మలు రావు. నా అరటితొక్క చూసి ఆ పిల్ల “చేపా అమ్మా?” అంది. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. ఆ అట్ట ఇప్పుడు బుట్టలమీద గోడకి అంటించి ఉంది. కేకలేసినావిడ కూడా చూసి, “ఈ సీసా బొమ్మ బాగాలేదు, నేను గీసిస్తా ఉండండి” అని తీసుకెళ్ళి మళ్ళీ గీసి తెచ్చింది.

ఎదురింటావిడ గీసిన కేలెండరు మా బీరువాలో చీరల కింద భద్రంగా ఉంది. మీ వీధిలోకి కూడా ఎవరో కొత్తగా వచ్చే ఉంటారు. ఈవారం ఏదైనా ఎక్కువ వండితే, ఒక గిన్నెలో వాళ్ళకి ఇచ్చి చూడండి. గిన్నె ఎలా తిరిగొచ్చిందో నాకు రాయడం మరిచిపోకండేం!